ఎండ్ లైన్ వెనక

మంగళవారం రాత్రి

సార్వా కోతలు మొదలయ్యాక మా స్కూలు గ్రౌండ్ మా చేతిలో ఉండదు. రోడ్డు తర్వాత ధాన్యం ఆరబోసుకోవడానికి ఊళ్ళో అంత చదునైన జాగా ఇంకోటి లేదు. కబడ్డీ కోర్టు గీతలు ఆ ధాన్యం కింద ఎక్కడో ఉన్నాయి. రైతుల్ని ఏమనగలం? ఓ పక్క మంచు, ఓ పక్క తుపాను భయం. పైగా వాళ్ళలో సగంమంది మా టీమ్ ఆడపిల్లల నాన్నలే. అందుకని ఈ వారం పిల్లల్ని కాలవ అవతలి ఊరికి తీసుకెళ్తున్నాను. అక్కడ రిటైరైన పీఈటీ మాస్టారు ఒకరు రోజూ సాయంత్రం కబడ్డీ నేర్పుతారు. ఫోన్ చేసి అడగబోతుంటే, "దానికి అడగడం దేనికమ్మా, తీసుకొచ్చెయ్, అందరూ కలిసి ఆడతారు" అన్నారు.

ఇవాళ పిల్లల్ని ఆయనకి అప్పజెప్పేసి నేను చూస్తూ నిలబడ్డాను. కోచ్‌కి అలాంటి సాయంత్రం దొరకడం అరుదు. మన పిల్లలు ఇంకొకరి చేతిలో ఎలా ఆడతారో చూడాలంటే మ్యాచ్ రోజు కుదరదు, ఆ టెన్షన్‌లో ఏమీ కనబడదు.

మొదట నా దృష్టి పడింది ఆయన నిలబడిన చోటు మీద. కబడ్డీ నేర్పేవాళ్ళం చాలామందిమి మధ్య గీత దగ్గర, కోర్టు పక్కన నిలబడతాం. ఆట అంతా కూతకెళ్ళే రైడర్‌దే అన్నట్టు ఉంటుంది మరి, కళ్ళు అటే పోతాయి. మాస్టారు అలా కాదు, ఎండ్ లైన్ వెనక, అంటే కోర్టు చివరి గీత వెనక, రైడర్‌ని పట్టుకునే డిఫెన్స్ పిల్లల వీపులు చూస్తూ నిలబడ్డారు. నేనూ వెళ్ళి పక్కన నిలబడ్డాను. అక్కణ్ణుంచి రైడర్ ముఖం సూటిగా కనిపిస్తుంది. కార్నర్‌కీ (చివర నిలబడే పిల్ల) కవర్‌కీ (లోపలి వైపు నిలబడే పిల్ల) మధ్య ఎంత సందు ఉందో తెలుస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, పిల్లల మడమలు కనిపిస్తాయి.

మా లెఫ్ట్ కార్నర్ పిల్ల యాంకిల్ హోల్డ్, అంటే రైడర్ చీలమండ, పట్టిందంటే ఇక వదలదు. కానీ తెలివైన రైడర్ వస్తే ఆ కాలు చేతికి చిక్కదు. బోనస్ పాయింటు కోసం లోపలి గీత అవతల కాలు వేసినట్టే వేసి లాగేసుకుంటుంది. మా పిల్ల తొందరపడి దూకుతోందన్నది బయటి నుంచి చూసే ఎవరికైనా అర్థమవుతుంది. ఆ తొందర రైడర్‌కి ముందే ఎలా తెలిసిపోతోందన్నదే చిక్కు. మాస్టారు నాలుగు రైడ్లు చూసి, నా వైపు తిరక్కుండానే "ఆ పిల్ల మడమ చూడమ్మా" అన్నారు. దూకడానికి అరక్షణం ముందు వెనక కాలి మడమ లేస్తోంది. ప్రతిసారీ.

నేనైతే వెంటనే పిల్లని పిలిచి చెప్పేసేదాన్ని. ఆయన మాత్రం తన టీమ్‌లో రైడ్‌కి వచ్చిన పిల్లని పిలిచి, "ఆ అమ్మాయి ఎప్పుడు దూకుద్దో నీకెలా తెలుత్తంది?" అని అడిగారు. ఆ పిల్ల కాసేపు సిగ్గుపడి, "భుజం వంగుద్దండి మాస్టారూ, అప్పుడు కాలు తీసేత్తానండి" అంది. వెనక నుంచి మడమ, ముందు నుంచి భుజం! మా పిల్ల నోరు తెరుచుకుని విన్నది. నేను చెప్పినా వినేదే, కానీ తనని ఓడించిన పిల్ల నోటితో వినడం వేరు. తర్వాత మాస్టారు ఒక్కటే మార్చారు: ముందు నుంచే రెండు మడమలూ కాస్త లేపి, ఒళ్ళు కిందకి దించి నిలబడమన్నారు. అప్పుడిక కొత్తగా లేవడానికి ఏమీ ఉండదు. వెలుగు పోయేలోపు రెండుసార్లు ఆ రైడర్‌నే పట్టింది.

ఆయన దగ్గర నచ్చిన రెండో సంగతి కోర్టుని నిలువునా రెండు ముక్కలు చేయడం. సున్నం కూడా లేదు, కొబ్బరి తాడు ఒకటి లాగి పడేశారు, అంతే. అటు ముగ్గురు ముగ్గురు, ఇటు ముగ్గురు ముగ్గురు. ఒక్కో రైడ్ 15 సెకన్లే. ఆటోలో కూర్చుని లెక్క వేశాను. రెండు ఊళ్ళ పిల్లలు కలిసి 35 మంది దాకా ఉన్నారు. మామూలు 30 సెకన్ల రైడ్ లెక్కన ఒకే కోర్టులో అరగంటకి 60 రైడ్లు, అంటే మనిషికి రెండు కూడా రావు. తాడు పడేశాక 240. పిల్లలు మారే టైము తీసేసినా తలా నాలుగైదు వస్తాయి. గట్టు మీద కూర్చుని కబుర్లు చెప్పుకునే పిల్లలు ఇవాళ లేరు.

అలాగని అన్నీ తెచ్చుకోను. లేటుగా వచ్చినవాళ్ళతో గ్రౌండ్ చుట్టూ పరుగెత్తిస్తారాయన. కోతల రోజుల్లో అమ్మ చేలో ఉంటే ఇంట్లో అన్నం వండి, తమ్ముడికి పెట్టి వచ్చే పిల్లకి ఆ శిక్ష ఎందుకు? ఆయనతో అనలేదు, పెద్దాయన. నా గ్రౌండ్‌లో మాత్రం అది ఉండదు.

దారిలో పిల్లలకి శైలజా జైన్ గురించి చెప్పాను. 2010లో, 2014లో ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన మన మహిళల జట్టుని 2018లో జకార్తా ఫైనల్లో ఇరాన్ 27-24తో ఓడించింది. ఆ ఇరాన్ జట్టు కోచ్ నాసిక్‌కి చెందిన ఈవిడే. వాళ్ళ భాష నేర్చుకుని, వాళ్ళ ప్రాక్టీసులోకి యోగా, ప్రాణాయామం తెచ్చారు. కూత ఒక్క ఊపిరి మీద నిలవాలి కదా. "మరి మనోళ్ళు ఓడిపోతే ఆవిడకి బాధెయ్యదా మేడంగారండి?" అని వెనక సీటు నుంచి ప్రశ్న. ఆ చర్చ కాలవ వంతెన దాటేదాకా సాగింది. బ్యాడ్మింటన్ డబుల్స్ ఆడే మన అమలాపురం సాత్విక్ మాటా వచ్చింది. సాత్విక్, అతని జోడీ చిరాగ్ ఇద్దరూ వెనక నుంచి స్మాష్ కొట్టే ఆటగాళ్ళే, ఈ జోడీ ఎలా కుదురుతుందని వాళ్ళకే అనుమానం. కలిపింది మలేషియా నుంచి వచ్చిన కోచ్ టాన్ కిమ్ హెర్. ఆ తర్వాత డెన్మార్క్ మాజీ ఆటగాడు మథియాస్ బో దగ్గర సాన పట్టారు, 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చారు. ఆ పిల్లాడి ఆటలో ఎన్ని దేశాల చేతులు పడ్డాయో!

ఇంటికొచ్చాక ఒక అనుమానం పట్టుకుంది. మడమలు లేపి నిలబడటం నాలుగు రైడ్లకి బాగానే ఉంటుంది. 15 నిమిషాల హాఫ్ మొత్తం అలా నిలబడితే పిక్కలు పట్టెయ్యవా? పాటియాలాలో కోచింగ్ డిప్లొమా చేసొచ్చిన కుర్రాడు ఒకడు భీమవరం వైపు ఉన్నాడు, నాకంటే బాగా చిన్నవాడు. అడిగాను. వాయిస్ మెసేజ్ పెట్టాడు: "అక్కా, రైడర్ బాక్ లైన్ (మధ్య గీత తర్వాత వచ్చే మొదటి గీత) దాటాకే మడమలు లేపమను. అప్పటిదాకా పాదం మొత్తం నేల మీదే ఉండాలి. లేకపోతే సెకండ్ హాఫ్‌లో కాళ్ళు లేవవు." అదీ సబబుగానే ఉంది. కానీ లేపే ఆ క్షణాన్ని రైడర్ కనిపెట్టదా అని నా సందేహం. దానికి ఇంకా జవాబు రాలేదు, పడుకున్నాడేమో.

రేపు రెండు పద్ధతులూ పెట్టి చూస్తాను. మాస్టారితో ఈ మాట అంటే, "ఆ కుర్రాణ్ణి ఓసారి తీసుకురామ్మా, చూద్దాం" అంటారు, నాకు తెలుసు. ఆదివారం వీలవుతుందేమో కనుక్కోవాలి.