ఎక్కాలు వచ్చాక తెరుచుకున్న తాళం

మా అబ్బాయి రెండో తరగతిలో తొమ్మిదో ఎక్కం తడుముకోకుండా అప్పజెప్పిన వారంలోనే, వాడి ట్యాబ్‌కు నేను వేసిన తాళం పనికిరాకుండా పోయింది. పిల్లల కోసమే తయారైన ఒక వీడియో ఆప్‌లో పెద్దల సెట్టింగులు తెరవాలంటే తెర మీద కనిపించే చిన్న గుణకారానికి జవాబు నొక్కాలి. నాలుగేళ్ల వయసులో వాడిని ఆపిన ఆ లెక్క ఏడేళ్లు వచ్చేసరికి నోటి లెక్క అయిపోయింది. సమయం ముగిసి తెర మూసుకున్న ప్రతిసారీ వాడు నింపాదిగా జవాబు నొక్కి మరో అరగంట పెంచుకుంటున్నాడని నాకు పది రోజుల తరువాత గానీ తెలియలేదు. ముందు నవ్వు వచ్చింది, కోపం ఆ తరువాతే వచ్చింది.

గుణకారానికి బదులు సొంత పాస్‌కోడ్ పెట్టుకునే వీలు ఆ ఆప్‌లో ఉండనే ఉంది, నేనే చూసుకోలేదు. మనం ఎంచిన వీడియోలు మాత్రమే కనిపించేలా, వెతకడానికి అసలు వీలు లేకుండా చేసే ఏర్పాటు కూడా ఉంది. ఆ సాయంత్రమే అవన్నీ సరిచేసి, పిల్లల వాడకాన్ని తల్లిదండ్రులు అదుపు చేసే ఫ్యామిలీ లింక్ అనే గూగుల్ ఆప్ కూడా ట్యాబ్‌లో పెట్టి, రోజుకు ఎంతసేపు వాడాలో, రాత్రి ఎన్నింటికి మూసుకోవాలో నిర్ణయించి, కొత్త ఆప్ ఏది దించుకోవాలన్నా నా అనుమతి అడిగేలా చేసి నిశ్చింతగా పడుకున్నాను.

ఆ నిశ్చింత ఆదివారం మధ్యాహ్నం దాకా నిలిచింది. భోజనాలయ్యాక మామయ్యగారు కునుకు తీస్తుంటే, వాడు పక్కనే పడుకుని ఆయన ఫోన్‌లో దెయ్యాల వీడియోలు చూస్తున్నాడు. వాడికి తెలుగు చదవడం ఇంకా కూడబలుక్కునే దశలోనే ఉన్నా, మైకు గుర్తు నొక్కి నోటితో అడిగితే సరిపోయింది. గూగుల్ 2017లో తెలుగు మాటను గుర్తుపట్టడం మొదలుపెట్టినప్పుడు, టైపు చేయడం రాని పెద్దవాళ్లకు ఎంత మేలో అని సంబరపడిన వాళ్లలో నేనూ ఉన్నాను, కానీ అక్షరాలు రాని పిల్లలకూ అదే దారి అవుతుందని అప్పట్లో నాకు తట్టలేదు. ఒక వీడియో అయిపోగానే దానంతటదే మరొకటి మొదలవుతుంది కనుక, రెండోసారి అడగాల్సిన పని కూడా వాడికి పడలేదు. మూడు రాత్రులు లైటు వేసుకునే పడుకున్నాడు.

2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లు నిండని వారందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది. వారి సమాచారం వాడుకోవాలంటే తల్లిదండ్రుల సమ్మతిని నిర్ధారించుకోవాలనీ, పిల్లలను గురిపెట్టి ప్రకటనలు చూపకూడదనీ చెబుతుంది. మంచి చట్టమే. కానీ ఆ ఆదివారం మధ్యాహ్నం ఆ ఫోన్ లెక్కలో దెయ్యాలను చూస్తున్నది ఏడేళ్ల పిల్లవాడు కాదు, 68 ఏళ్ల విశ్రాంత ఉద్యోగి. మన ఇళ్లలో ఫోన్ ఒక్కరిది కాదు, టీవీ రిమోట్‌లా ఎవరి చేతికి అందితే వారిది. నేను తాళాలన్నీ ట్యాబ్‌కు వేస్తూ వచ్చాను, వాడి ఇంటర్నెట్ మాత్రం ఇంట్లో ఉన్న నాలుగు ఫోన్లలోనూ ఉంది.

సెట్టింగులు మార్చడం కన్నా మామయ్యగారి దగ్గర ఈ మాట ఎత్తడమే కష్టమైంది. తప్పు పట్టినట్లు ఉండకూడదని రెండు రోజులు తటపటాయించి, చివరకు కాఫీ ఇచ్చేటప్పుడు మెల్లగా చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఫోన్ ఇవ్వకపోతే వాడు నా దగ్గర కూర్చోడమ్మా" అన్నారు. నిజమే, వాడిని ఆయన దగ్గర అట్టే పెడుతున్నది ఆ ఫోనే, దాన్ని లాగేసుకుని నేను ఇవ్వగలిగింది ఏమిటో నాకూ వెంటనే తోచలేదు.

ఆయన ముప్పై ఏళ్లు రైల్వేలో పనిచేశారు. ఇప్పుడు సాయంత్రాలు హాల్లోని టీవీలో ఇద్దరూ కలిసి రైలింజన్ల వీడియోలు చూస్తున్నారు. బండిని ఒక పట్టా మీంచి మరో పట్టాకు మళ్లించే పాయింట్లు ఎలా మారతాయో, గూడ్సు బండి పక్కనుండే లూప్ లైన్లో ఎందుకు ఆగుతుందో ఆయన వివరిస్తుంటే వీడు మధ్యలో ఆపి ఆపి అడుగుతాడు. వంటింట్లో ఉన్నా నాకు మాటలు వినిపిస్తూనే ఉంటాయి. కనిపెట్టి ఉండడం అంటే రోజువారీ రిపోర్టు చూసుకోవడమే అనుకున్న నాకు, ఇలా వినిపించడమే ఎక్కువ పనికివస్తోంది.

మామయ్యగారి ఫోన్‌కు కూడా ఇప్పుడు గీత గీసి తెరిచే తాళం ఉంది. అది ఇంగ్లీషు ఎల్ అక్షరం ఆకారంలో ఉంటుందని నిన్న మా వాడే నాకు చెప్పాడు. మార్చాలి.