రాతి రంధ్రాల్లో దాచే కార్బన్ డయాక్సైడ్

కార్బన్ డయాక్సైడ్‌ను గాలిలో కలిసి భూమిని వేడెక్కించకుండా భూగర్భంలోకి పంపి దాచవచ్చునని చెప్పగానే ఎవరికైనా ముందుగా కలిగే సందేహం, అది మళ్లీ పైకి తన్నుకు రాదా అన్నదే. అడగవలసిన ప్రశ్నే. అయితే కింద ఏదో పెద్ద గుహ ఉంటుందని, అందులో వాయువును నింపి మూత బిగిస్తారని ఊహించుకోవడం వల్ల ఈ భయం మరీ పెరుగుతోందని నాకనిపిస్తుంది. అక్కడ గుహ ఉండదు; ఇసుకరాతి రేణువుల మధ్య కంటికి కనబడనంత సన్నని రంధ్రాలు, వాటినిండా ఉప్పునీరు ఉంటాయి. సుమారు 800 మీటర్ల లోతు దాటాక అక్కడి ఒత్తిడికీ వేడికీ ఈ వాయువు ఇంచుమించు ద్రవమంత చిక్కబడి ఆ రంధ్రాల్లోకి చొరబడుతుంది. బంకమట్టి గట్టిపడి ఏర్పడిన రాతి పొర ఒకటి పైన అడ్డుగా నిలుస్తుంది. కొంత వాయువు రంధ్రాల్లోనే చిక్కుకుపోతుంది, కొంత ఉప్పునీటిలో కరుగుతుంది, అలా కరిగిన నీరు బరువెక్కి కిందికి దిగుతుంది కనుక ఏళ్లు గడిచేకొద్దీ బయటపడే ప్రమాదం తగ్గుతుందే గాని పెరగదు.

ఉత్తర సముద్రంలోని స్లైప్నర్ క్షేత్రంలో నార్వే 1996 నుంచి ఈ పని చేస్తోంది. సహజవాయువుతో కలిసి వచ్చే కార్బన్ డయాక్సైడ్‌ను గాలిలోకి వదిలితే 1991లో విధించిన కార్బన్ పన్ను కట్టవలసి ఉండటం అందుకు బలమైన కారణం. ఐస్‌లాండ్‌లో 2012లో వాయువును నీటిలో కరిగించి లావా చల్లబడి ఏర్పడే బసాల్ట్ రాతిలోకి పంపగా, రెండేళ్లలోపే అందులో 95 శాతానికి పైగా ఖనిజంగా మారి రాతిలో భాగమైపోయింది. ఈ ఫలితం గురించి చదివిన రోజున నాకు కలిగిన సంతోషం ఇంకా గుర్తుంది. అలాగని ప్రతి రాయీ చెప్పినట్టు వింటుందనుకోకూడదు: నార్వేలోనే స్నోవిట్ వాయుక్షేత్రం వద్ద 2008లో పంపడం మొదలుపెట్టాక ఒత్తిడి అనుకున్నదానికంటే వేగంగా పెరగడంతో, 2011లో వేరే పొరను ఆశ్రయించవలసి వచ్చింది.

నన్ను కలవరపెట్టేది రాయి కాదు, పరిమాణం. బొగ్గు, చమురు, సహజవాయువు మండించడం వల్ల ఏటా 3,500 కోట్ల టన్నులకు పైగా కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుండగా, పట్టి నిలువచేస్తున్నది అందులో ఒక శాతం కూడా లేదు; పైగా అలా పట్టినదాంట్లో ఎక్కువ భాగం పాత బావుల నుంచి మరింత చమురు తోడటానికే వెళుతోంది. బొగ్గు విద్యుత్తుకు బదులు గాలి, ఎండ ఉన్నాయి కనుక ఆ కేంద్రాల ఆయుష్షు పెంచడానికి ఈ పద్ధతిని సాకుగా చూపడాన్ని నేను ఒప్పుకోలేను. సిమెంట్ సంగతి వేరు. కొలిమిని ఏ ఇంధనంతో వేడిచేసినా, సిమెంట్ కోసం అందులో కాల్చే సున్నపురాయి తనలోని కార్బన్ డయాక్సైడ్‌ను వదలక మానదు. నార్వేలోని బ్రెవిక్ సిమెంట్ కర్మాగారంలో పట్టిన వాయువును ఓడల్లో తరలించి, సముద్రపు అడుగుకు సుమారు 2,600 మీటర్ల కింద నిలువచేయడం 2025లో మొదలైంది.