కూత ఆగిన రోజులు

కరోనా దెబ్బ అన్ని ఆటలకీ తగిలింది, కాదనను. 2020లో ఐపీఎల్ యూఏఈకి తరలిపోయింది. బంతికి ఉమ్మి రాయొద్దని ఐసీసీ అంటే బౌలర్లు చెమటతో సరిపెట్టుకున్నారు. మరి మా కబడ్డీ దేనితో సరిపెట్టుకోవాలి? గుక్క తిప్పుకోకుండా కూత పెట్టాలి, ఎదుటివాణ్ణి ఒడిసి పట్టాలి. ఆ రెండూ వద్దంటే ఇక మిగిలేది సున్నం గీతలే.

గాజువాక దగ్గర ఓ ఖాళీ జాగాలో సాయంత్రాలు పిల్లలకు కబడ్డీ నేర్పుతాను. జనతా కర్ఫ్యూ ముందురోజు, 2020 మార్చి 21న కూడా ఆడించాను. మళ్లీ అక్కడ అడుగుపెట్టేసరికి జాగా అంతా పల్లేరు అల్లుకుపోయింది. కాయలు ఏరడానికే రెండు రోజులు పట్టింది.

ఆ మధ్యకాలమంతా మేడల మీదే సాధన. రైడ్‌కి 30 సెకన్లు కదా, ఒక్కొక్కడూ ఒకే గుక్కలో కూత పెట్టి ఫోన్‌లో నాకు పంపేవాడు. రాత్రి భోంచేశాక వరసగా వినేవాణ్ణి. గొంతును బట్టి ఎవడు సరిగ్గా తింటున్నాడో, ఎవడు దిగులుగా ఉన్నాడో తెలిసిపోయేది.

తిరిగి మొదలెట్టాక ఇళ్లల్లో భయం పోలేదు. అందుకని రైడర్‌ని కాచుకునేవాళ్లను వరసలో ఒకరి చేతులొకరు పట్టుకోనివ్వలేదు. వరస చివర నిలబడే కార్నర్‌కీ పక్కవాడికీ మధ్య ఓ తువ్వాలు, చెరో కొసా పట్టుకోవాలి. పద్ధతి బాగానే ఉందనుకున్నాను. కానీ రైడర్ వంగగానే పక్కవాడి వేళ్లు బిగుసుకుంటాయి చూడండీ, పట్టుకు దూకమని సంకేతం అదే. తువ్వాల్లోంచి అది అందదు. ఒకడు దూకితే ఇంకొకడు నిలబడిపోయేవాడు.

రెండో వేవ్‌లో మా ముఖ్యమైన రైడర్‌కి జబ్బు చేసింది. 2021 ఏప్రిల్ 22న మా స్టీల్ ప్లాంట్ నుంచి ఏడు ట్యాంకర్లతో తొలి ఆక్సిజన్ రైలు మహారాష్ట్రకి బయల్దేరింది. ఊరంతా గర్వపడింది, నేనూ పడ్డాను. ఆ వారమంతా వాళ్లమ్మ ఫోన్ ఎప్పుడు మోగుతుందోనని గుండె చేతిలో పెట్టుకుని కూర్చున్నాను. వాడు కోలుకున్నాడు. జూన్‌లో కూత పంపాడు. తొమ్మిది సెకన్లు, తర్వాత దగ్గు. ఆ ఆడియో ఇప్పటికీ తుడిచెయ్యలేదు.

2020లో ప్రో కబడ్డీ జరగనే లేదు. మరుసటేడు డిసెంబరులో బెంగళూరులో, ప్రేక్షకులు లేకుండా పెట్టారు. ఆ సీజన్ 22 మ్యాచుల్లో తెలుగు టైటాన్స్ గెలిచింది ఒక్కటే. ఓటమి కన్నా జనం లేని హాల్లో తొడ చరిచిన చప్పుడే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

లీగ్ మళ్లీ వచ్చింది. పిల్లల వయసు వెనక్కి రాదు. స్కూల్ గేమ్స్‌లో అండర్-17 అంటే అండర్-17యే. 2020లో పదహారేళ్లున్న మా రైట్ కార్నర్ ఒక్క సెలక్షన్‌కీ వెళ్లకుండానే ఆ గీత దాటేశాడు. ఇంట్లో గడవక పార్సిళ్ల పనికి కుదిరాడు. ఇలాంటి పిల్లలకు రెండేళ్ల వయసు సడలింపు ఇచ్చి ఉండాల్సిందని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను.

వాడు మొన్న ఆదివారం బండి గోడ పక్కన పెట్టి, చెప్పులు విప్పి, ‘మాస్టారూ, ఒక్క ఆట’ అన్నాడు. పక్కన నిలబడ్డ పన్నెండేళ్ల కుర్రాడు ఇంత పెద్దవాడి చెయ్యి ఎలా పట్టుకోవాలా అని నా వంక చూశాడు. వీడే వాడి వేళ్లు లాక్కుని బిగించాడు.