బాపుకు వినిపించిన పాట

2020 ఏప్రిల్, లాక్‌డౌన్. హన్మకొండ ఇంట్లో పని లేక ఫోన్ చూస్తుంటే జాన్ ప్రైన్ అనే అమెరికా గాయకుడు కరోనాతో పోయాడన్న వార్త కనిపించింది. అంతకుముందు ఆ పేరే వినలేదు. షికాగో దగ్గర పోస్ట్‌మన్‌గా ఉత్తరాలు పంచుతూ, నడిచే దారిలోనే పాటలు కట్టుకునేవాడని చదివి, ఆ ఒక్క ముక్క నచ్చి వెతికాను.

1971లో వచ్చిన ఆయన మొదటి రికార్డులో ‘ప్యారడైజ్’ అనే పాట ఉంది. హంగామా ఏమీ లేదు. గిటారు, వెనక వాళ్ల అన్న ఫిడేలు, తొట్టెల ఊపినట్టు సాగే నడక. మొదటిసారి విని ఏదో పిక్నిక్ పాట అనుకున్నా. మాటలు పట్టుకుని విన్నాక అట్లే కూర్చుండిపోయా. కెంటకీలో గ్రీన్ నది ఒడ్డున ప్యారడైజ్ అని ఒక ఊరు. ప్రైన్ అమ్మానాన్నలది ఆ వైపే. చుట్టూ మట్టి తీసేసి బొగ్గు తవ్వారు, పక్కన థర్మల్ ప్లాంటు వచ్చింది, బూడిద రాలింది. 1967కల్లా ఊరే లేదు.

గోదావరిఖని పక్క పల్లెలో పుట్టినోడికి ఇది కొత్త కథా? మా దగ్గర గనిని బాయి అంటారు. మా బాపు ముప్పై ఏండ్లు బాయి దిగాడు. కింద బాయి నడిచినన్ని రోజులు పైన మా ఊరు ఉంది. పైమట్టంతా తీసేసి తవ్వే ఓపెన్‌కాస్ట్ వచ్చాకే పోయింది. మా ఇల్లున్న చోట ఇప్పుడు మట్టిగుట్ట, దాని మీద సర్కారు తుమ్మ.

1998లో మెడకు క్యాన్సర్ ఆపరేషన్ అయ్యాక ప్రైన్ గొంతు బొంగురుపోయింది. నాకు ఆ గొంతే ఎక్కువ ఇష్టం. నైట్ షిఫ్టు దిగొచ్చి చాయ్ అడిగే బాపు గొంతు అట్లనే ఉండేది.

ఈ పాట టేపును ప్రైన్ వాళ్ల నాన్నకు వినిపించిన ముచ్చట ఒకటుంది. మెషిన్ కూడా అడిగి తెచ్చాడట. పాట మొదలుకాగానే ఆ పెద్దాయన లేచి పక్క గదిలోకి పోయి చీకట్లో కూర్చున్నాడు. ఎందుకని అడిగితే, జూక్‌బాక్స్‌లో, అంటే హోటళ్లలో పైసలేస్తే పాడే పెట్టెలో, వస్తున్నట్టు అనుకుందామని అన్నాడట. కొడుకు పాడితే ముచ్చటే. కానీ ఏ హోటల్ పెట్టెలోంచో వస్తే, ఆ ఊరు ఇంకా పదిమందికి తెలిసినట్టు. మా ఊరి పేరు ఇప్పుడు బస్సు బోర్డు మీద కూడా లేదు.

పోయిన దసరాకు బాపుకు వినిపించాను. ఆయనకు ఇంగ్లీషు రాదు. మధ్యమధ్యలో ఆపి అర్థం చెబుతుంటే విసుక్కున్నాడు.

“ఊకె ఆపకురా, నడువనియ్యి.”

అయిపోయాక కథంతా చెప్పాను. కాసేపు గడ్డం గోక్కున్నాడు.

“మరి వాళ్లకు పరిహారం ఎంతిచ్చిర్రట?”

నాకు నవ్వొచ్చింది. బాపు నవ్వలేదు. మా పెరట్లో చింతచెట్టుకు వేరేగా లెక్క కట్టిన సంగతి ఎత్తుకున్నాడు. మొదలు అంత లావు, సర్వేకు వచ్చిన పిల్లగాడికి టేపు చుట్టూ తిప్పడం చేతకాలేదట. రెండో కొస బాపే పట్టుకున్నాడట.