లెక్కకు మాత్రమే తెల్లకణాలు

వేరే పనికోసం చేయించిన రక్తపరీక్షలో తెల్లకణాలు చాలా ఎక్కువగా, 28,000 వచ్చాయి. కణాల రకాన్ని గుర్తించే ఫ్లో సైటోమెట్రీ పరీక్ష చేసి క్రానిక్ లింఫోసైటిక్ లుకేమియా, అంటే ఒక రకం రక్త క్యాన్సర్ అని తేల్చారు. రాయ్ స్టేజ్ 0, అంటే అన్నిటికన్నా తొలిదశ. "ఇప్పుడు మందేమీ వద్దు, మూడు నెలలకోసారి వచ్చి చూపించుకోండి" అన్నారు డాక్టరుగారు. క్యాన్సర్ అని చెప్పి మందు వద్దంటే మనసెలా ఒప్పుకుంటుంది? తొలిదశలోనే కీమో ఇచ్చి చూసినా ఆయుష్షు పెరగలేదని ఆయన ఓపిగ్గా చెప్పారు. అయినా టెన్షన్ తగ్గలేదు.

నన్ను మంచాన పడేసింది మాత్రం నిమోనియా. పది రోజులు ఆస్పత్రిలో ఉన్నాను. ఇంటికొచ్చాక కూడా నాలుగు మెట్లెక్కి, గోడ పట్టుకుని నిలబడి, ఊపిరి అందాక ఐదో మెట్టు ఎక్కేదాన్ని. అన్ని వేల కణాలుండి ఒక్కటీ ఆదుకోలేదేమని అడిగాను. రోగాలతో పోరాడే యాంటీబాడీలకు మూలమైన బి కణాలనే తెల్లకణాలే ఈ జబ్బులో చెడిపోతాయట. అందుకే టీకా వేసినా ఒళ్లు సరిగా అందుకోదు.

కోలుకున్నాక ఒక ట్రయల్‌లో చేరాను. తక్కువ డోసు లెనాలిడోమైడ్ అనే మందు, దాంతోపాటు నిమోనియా తెచ్చే న్యుమోకాకస్ బ్యాక్టీరియాలో 13 రకాల మీద పనిచేసే టీకా, రెండుసార్లు. మందు మొద్దుబారిన టి కణాలను, అంటే రోగనిరోధకానికి పనికొచ్చే మరో రకం తెల్లకణాలను తట్టి లేపాలి, అవి టీకాకు తోడు నిలవాలి. అదీ వాళ్ల ఆలోచన. అంగీకార పత్రంలో థాలిడోమైడ్ పేరు చూసి నా పెన్ను ఆగిపోయింది. 1960 ప్రాంతంలో గర్భిణులు వాడితే వేలమంది పిల్లలు అవయవ లోపాలతో పుట్టిన మందు అది. దాని నుంచి పుట్టిందే ఈ లెనాలిడోమైడ్. నాకు ఆ వయసు దాటింది కానీ ఇంట్లో కోడలుంది. క్యాప్సూల్ విప్పకూడదు, ఇంకెవరూ తాకకూడదు అని నర్సు రెండుసార్లు చెప్పింది. డబ్బా నా బీరువాలోనే పెట్టి తాళం వేశాను.

మూడో వారం వీపంతా దద్దుర్లు. తర్వాత న్యూట్రోఫిల్స్ అనే, ఇన్ఫెక్షన్లతో పోరాడే తెల్లకణాలు పడిపోయి మందు కొన్నాళ్లు ఆపారు. రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉందన్నారని రోజూ పడుకునే ముందు పిక్కలు నొక్కి చూసుకునేదాన్ని.

టీకాకు ముందూ తర్వాతా తీసిన రక్తాన్ని పోల్చి చూశారు. కొన్ని రకాలకు యాంటీబాడీలు బాగా పెరిగాయి, కొన్నింటికి ఏమాత్రం కదల్లేదు. ఆ పెరిగిన అంకెల మీద వేలు పెట్టి మళ్లీ మళ్లీ చదువుకున్నాను, కళ్లు చెమర్చాయి. అది మందు వల్లా, టీకా ఒక్కదానివల్లేనా అన్నది నా ఒక్కదాని రక్తంతో తేలేది కాదు. లుకేమియా ఎక్కడికీ పోలేదు. ఈ చలికాలం దగ్గు పట్టుకుంది, వారంలో తగ్గింది. ఇప్పుడు మేడ మీదికి ఆగకుండా ఎక్కుతున్నాను.