జంతికలు, ఇంప్లాంట్లు

పొద్దున్నుంచీ పాలిషింగే. టైటానియం ముక్కను ఎమరీ కాగితం మీద రుద్దడం ఓ పట్టాన తెమిలే పని కాదు. పైపొర మెత్తగా సాగి, పాత గీతల్ని కప్పేస్తుంది. అద్దంలా వచ్చిందనుకుని ఎచింగ్ చేస్తే, అంటే యాసిడ్‌తో పైపొర తినిపిస్తే, అడుగున దాక్కున్నవన్నీ బయటపడతాయి. ఆ ద్రావణంలో హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ ఉంటుంది. రెండు జతల గ్లవ్స్, యాసిడ్ ఒంటిమీద పడితే రాయడానికి చేతికందేలా కాల్షియం గ్లూకోనేట్ జెల్. ఎంత అలవాటైనా టెన్షన్ పోదు, పోకపోవడమే మంచిది.

ముక్క గ్రేడ్ 4, అంటే దాదాపు స్వచ్ఛమైన టైటానియం. 6 శాతం అల్యూమినియం, 4 శాతం వనాడియం కలిపిన రకం దీనికంటే చాలా బలమైనది. కానీ ఏళ్ల తరబడి ఒంట్లో ఉండాల్సిన లోహంలో వనాడియం ఎందుకన్న అనుమానం పాతదే. అందుకే మేం ఏదీ కలపం, లోపలి గ్రెయిన్లను, అంటే లోహంలోని సూక్ష్మ స్ఫటికాలను, చిన్నవి చేసి బలం పెంచుతాం. మోచేయిలా వంగిన కాలువలోంచి కడ్డీని నెడితే లావు తగ్గదు, గ్రెయిన్లు మాత్రం మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) లోపుకి నలిగిపోతాయి. చల్లగా ఉంటే పగులుతుంది కాబట్టి 400 డిగ్రీల పైన వేడి చేసి నెట్టాలి. రష్యాలోని ఉఫాలో వాలియెవ్ బృందం టైటానియం మీద దీన్ని ఏళ్లపాటు సాధన చేసింది.

మధ్యాహ్నం డబ్బా విప్పేసరికి పెద్దమ్మ ఫోన్.

"ఏమే, దవడలో టైటానియం స్క్రూ బిగిస్తానంటున్నాడు డాక్టరు. ఎముక సన్నగా ఉందట. మీరు చేసేది అదేనా?"

"ఆ లోహమే పెద్దమ్మా."

"జంతికలు కొరకొచ్చా మరి?"

సన్నటి దవడకు సన్నటి స్క్రూ కావాలి, సన్నటిది విరగకూడదు. మా పని అసలు అవసరం అక్కడే. తుంటి కీళ్ల దగ్గర మాత్రం దీని గురించి మావాళ్లు కాస్త ఎక్కువే చెబుతారనిపిస్తుంది. ఎముక బిగువు, అంటే వంగకుండా నిలిచే గుణం, 10 నుంచి 30 గిగాపాస్కల్స్, టైటానియంది 105 దాకా. బరువంతా లోహమే మోస్తే పనిలేని ఎముక పలచబడిపోతుంది. గ్రెయిన్లు ఎంత నలగ్గొట్టినా ఆ 105 పెద్దగా కదలదు. దాన్ని దించాలంటే నియోబియం, టాంటలం లాంటి లోహాలు కలిపిన, బీటా అనే వేరే స్ఫటిక అమరికున్న టైటానియం మిశ్రమాల వైపు వెళ్లాల్సిందే.

సాయంత్రం వికర్స్ గుంటలు కొలిచాను, వజ్రపు మొనతో నొక్కి గట్టిదనం చూసే పరీక్ష అది. అంచు దగ్గర గట్టిగా, మధ్యలో తక్కువగా ఉంది. ఆ తేడా తగ్గాలంటే కడ్డీని ప్రతిసారీ 90 డిగ్రీలు తిప్పి మళ్లీ నెట్టాలి. నమలడమంటే ఒక్కసారి కొరకడం కాదు, లక్షలసార్లు. అలా మళ్లీ మళ్లీ బరువు వేసి ఎప్పుడు విరుగుతుందో చూసే ఫెటీగ్ మెషిన్ గురువారానికి దొరికింది. పెద్దమ్మకు జంతికల సంగతి డాక్టర్నే అడగమన్నాను.