ఇద్దరు పసిబిడ్డలతో అండమాన్‌లో గుడారం

సముద్రం మధ్యలో ఒక దీవిలో గుడారం వేసుకుని పడుకోవాలన్న కోరిక మాకు పెళ్లైన కొత్తలోదే. అప్పుడు కుదరలేదు. కుదిరేసరికి పాపకి మూడున్నరేళ్లు, బాబుకి పద్నాలుగు నెలలు. "బిడ్డలు కాస్త పెద్దోళ్లయ్యాక పోండమ్మా, దీవి ఎక్కడికి పోద్ది?" అన్నారు అత్తయ్య. ఆమె మాట కొట్టిపారేయలేదు నేను. కానీ మా నెల్లూరు దగ్గర మైపాడు తీరానికి వెళ్లినప్పుడల్లా పాప నీళ్లవతల ఏముందని అడుగుతోంది. ఆ ప్రశ్న ఇంకా ఆమె నోట ఉండగానే తీసుకుపోవాలనిపించింది.

మా మొదటి ప్లాన్ అండమాన్‌లోని లాంగ్ ఐలాండ్. అక్కడ లాలాజీ బే అని ఒక తీరం ఉంది. ఊళ్లోంచి అడవి దారిన నడిచో, చిన్న పడవలోనో పోవాలి. ఫొటోలు చూసి మా ఆయన మనసు పారేసుకున్నారు. టీకాల కోసం వెళ్లినప్పుడు పిల్లల డాక్టర్‌గారికి ఈ సంగతి చెప్పాను. ఆయన వద్దనలేదు, ఒక్కటే అడిగారు: "రాత్రి రెండింటికి బాబుకి జ్వరం 103 దాటితే ఎంతసేపట్లో డాక్టర్ దగ్గరికి తీసుకుపోగలరు?" మా దగ్గర జవాబు లేదు. ఇంటికొచ్చి లాంగ్ ఐలాండ్ కొట్టేశాం.

దాని బదులు అండమాన్‌లోనే హ్యావ్‌లాక్ దీవి అనుకున్నాం. 2018లో దాని పేరు స్వరాజ్ ద్వీప్‌గా మార్చారు. అక్కడ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉంది. ఇంకా పెద్ద అవసరం వస్తే పోర్ట్‌బ్లెయిర్‌లో, అంటే ఇప్పటి శ్రీ విజయపురంలో, జి.బి.పంత్ ఆసుపత్రి ఉంది. తీరంలో ఎక్కడపడితే అక్కడ గుడారం వేయడం కుదరదు, మంట పెట్టడం అసలే కుదరదు. తోటలో సొంత గుడారం వేసుకోనిచ్చే ఒక చిన్న బస కోసం నెల రోజులు ఫోన్లు చేశాం. చివరికి పోక తోటలో చోటిస్తామన్నారు. స్నానాల గది పక్కనే ఉంటుందన్నారు, నాకు ఆ మాట చాలు.

నెల ఎంచుకోవడం తేలికే. నవంబర్, డిసెంబర్ వాయుగుండాల సంగతి నెల్లూరు వాళ్లకి ఒకరు చెప్పాలా? మన మీదికొచ్చే వాటిలో చాలావరకు ఆ అండమాన్ వైపు పుట్టినవే. సంక్రాంతి వెళ్లాక, ఫిబ్రవరి అనుకున్నాం. టికెట్లు తీసుకునే ముందు మైపాడు పక్క పాలెంలో ఉండే పెదనాయన్ని కలిశాం. మా పక్కింటి అక్క వాళ్ల నాన్న. నలభై ఏళ్లు సముద్రంలో చేపల వేటకి పోయిన మనిషి. "అమావాస్యకీ పున్నమికీ పోటు పెద్దది, బిడ్డలతో పోయేవాళ్లు అష్టమికి అటూ ఇటూ చూసుకోండి" అన్నాడు. అండమాన్‌లో పోటు మన తీరంలోకంటే ఇంకా ఎత్తు లేస్తుంది. క్యాలెండర్‌లో అష్టమి చూసి, దాని చుట్టూ తేదీలు వేశాం.

ఇక అసలు పని, రిహార్సల్. ఎవరు ఎన్ని జాగ్రత్తలు చెప్పినా మన బిడ్డలు గుడారంలో ఎట్టా పడుకుంటారో మన బిడ్డలే చెప్పాలి. మొదట మిద్దె మీద రెండు రాత్రులు వేశాం. జిప్ తీసిన చప్పుడు వినపడితే చాలు, బాబు లేచి కూర్చున్నాడు. మంచు పడుతుందని నేను కిటికీ గుడ్డలన్నీ మూసేశాను. తెల్లారి చూస్తే గుడారం లోపలి వైపంతా నీటిబొట్లు. మంచు కాదు, మా నలుగురి ఊపిరే. పాప దుప్పటి అంచు తడిసిపోయింది. రెండో రాత్రి రెండు వైపులా దోమతెర మాత్రం ఉంచి గుడ్డలు చుట్టేశాం. గాలి ఆడింది, బొట్టు లేదు.

మూడో రాత్రి మైపాడులో, పెదనాయన ఇంటి వెనక ఇసుకలో. గుడారంతో వచ్చిన ఇనుప మేకులు కొట్టాం. సముద్రపు గాలి ఒక్కసారి గట్టిగా వీచేసరికి నాలుగూ పైకొచ్చేశాయి. లోపల బిడ్డలు లేరు కాబట్టి సరిపోయింది. పెదనాయన చూసి, "అమ్మాయ్, ఇసకలో మేకు నిలబడదు" అని ఖాళీ గోతాలు నాలుగు తెచ్చాడు. ఒక్కోదాంట్లో సగం దాకా ఇసుక పోసి, మూతి బిగించి, దానికి తాడు కట్టి, మోకాటి లోతు గుంటలో పడుకోబెట్టి పూడ్చి తొక్కాడు. తాడు బయటికి ఏటవాలుగా రావాలట, నిటారుగా కాదు. మా ఆయన రెండు చేతులా లాగి చూశారు, కదల్లేదు. ఆ గోతాలు మడిచి మాతోబాటే అండమాన్ తీసుకుపోయాం. పెద్ద బరువేమీ లేవు.

ఆ మర్నాడే ఇంకోటి తెలిసింది. పొద్దున పది దాటాక గుడారంలోకి తల పెడితే రేకుల షెడ్డులో నిలబడ్డట్టుంది. బాబుకి పగటి నిద్ర రెండు గంటలు కావాలి. అందులో పడుకోబెట్టే ప్రశ్నే లేదు. అత్తయ్య ఏమీ అనకుండా బీరువాలోంచి తన పాత నేత చీర తీసిచ్చారు, ఉయ్యాలకి. పోవద్దన్న మనిషే. సామాన్లలో అంత ఉపయోగపడింది మరొకటి లేదు.

తిండి దగ్గర నేను రాజీ పడలేదు. విమానంలో గ్యాస్ సిలిండర్, అగ్గిపెట్టె తీసుకుపోనివ్వరు. స్టవ్ మాట మరిచిపోయి కరెంటు కెటిల్ పెట్టుకున్నాం. బాబుకి ఉగ్గు ఇంట్లోనే చేశాను. మూడు వంతుల బియ్యం, ఒక వంతు పెసరపప్పు. రెండూ కడిగి, నీడన ఆరబోసి, విడివిడిగా సన్నసెగ మీద వేయించాను. పప్పు కమ్మటి వాసన వచ్చాక దించి, కాస్త జీలకర్ర కలిపి మర పట్టించి, రెండుసార్లు జల్లించాను. చల్లారనిచ్చి, పూటకొక చిన్న పొట్లం చొప్పున కట్టాను. ముందే వేయించింది కాబట్టి చల్లటి నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, మరిగే నీళ్లు పోసి మళ్లీ ఒక పొంగు రానిస్తే చాలు. పాపకి అటుకులు, బెల్లం. లీటరు నీటికి కలిపే ఓఆర్‌ఎస్ పొట్లాలు, బాబు బరువు చూసి డాక్టర్ రాసిచ్చిన జ్వరం మందు, థర్మామీటర్ నా చేతి సంచిలోనే ఉంచాను.

ఇంకో సంగతి సూర్యుడు. గడియారం మనదే అయినా అండమాన్ బాగా తూర్పున ఉంది. ఫిబ్రవరిలో అక్కడ ఐదున్నరకల్లా పొద్దు గూకుతుంది, ఆరు కాకముందే తెల్లారుతుంది. మనకంటే ముప్పావు గంట పైనే ముందు. గుడారంలో వెలుతురు పడగానే బిడ్డలు లేస్తారు. అందుకని బయల్దేరడానికి పది రోజుల ముందు నుంచి రాత్రి అన్నం, పడక రోజూ ఐదేసి నిమిషాలు ముందుకి జరిపాను. ఇది చాలా పనిచేసింది.

ముందురోజే చెన్నై చేరి అక్కడ నిద్ర చేసి, పొద్దున విమానం ఎక్కాం. రెండుంపావు గంటల ప్రయాణం. రెండేళ్లలోపు కాబట్టి బాబు నా ఒళ్లోనే. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు పాలిచ్చాను, చెవి నొప్పి రాలేదు. ఆ రాత్రి పోర్ట్‌బ్లెయిర్‌లోనే ఆగాం. ఇబ్బంది మర్నాడు జెట్టీ దగ్గర ఎదురైంది. పడవ టికెట్లు తీసిన ఏజెంట్ బాబు పేరు రాయించలేదు. చంటిబిడ్డ ఒళ్లో ఉన్నా ప్రయాణికుల జాబితాలో పేరుండాలన్నారు. ఎండలో లైన్లో నలభై నిమిషాలు. బాబు నీలం ఆధార్, జననపత్రం దగ్గరుండబట్టి వేరే టికెట్ తీసుకుని ఎక్కగలిగాం. లేకపోతే ఆ పడవ పోయేదే. టికెట్ చేతికి రాగానే నాలుగు పేర్లూ ఒకటికి రెండుసార్లు చదువుకోండి.

పోక తోటలో గుడారం వేసేముందు మా ఆయన తల పైకెత్తి చుట్టూ చూశారు, పైన కొబ్బరిచెట్టు లేదుకదా అని. ఒడ్డున బాదం చెట్టు ఉంది. దాని లావాటి కొమ్మకి చీర కట్టి, నేలకి మూరెడెత్తులో ఉయ్యాల వేశాం. బాబు రెండు మధ్యాహ్నాలూ ఇంట్లో పడుకున్నట్టే పడుకున్నాడు. పాటు తీసినప్పుడు నీళ్లు చాలా దూరం వెనక్కి పోయి, రాళ్ల మధ్య గుంటలు మిగిలాయి. పాప చీలమండల లోతు నీళ్లలో చిన్న చేపల్ని చూస్తూ గంటసేపు కదల్లేదు. మడచెట్ల వైపు, వాగు కలిసే చోటుకీ మాత్రం వెళ్లలేదు. అక్కడ మొసళ్లుంటాయి, హెచ్చరిక బోర్డులున్నాయి. పొద్దున, సాయంత్రం ఇసుక ఈగలు కుడతాయని ఆ వేళల్లో ఇద్దరికీ కాళ్లకి మేజోళ్లు వేసి చాప మీదే కూర్చోబెట్టాను. అయినా పాప మోచేతికి నాలుగు దద్దుర్లు వచ్చాయి, వారం ఉన్నాయి.

రెండో రాత్రి పాప నన్ను లేపి, "అమ్మా, సముద్రం దగ్గరికొచ్చింది" అంది. పోటు చప్పుడు. టార్చి వేసి చూపించాను, నీళ్లు చాలా కిందనే ఉన్నాయి. గోతాలకి కట్టిన తాళ్లు బిగుతుగా ఉన్నాయి. నా చెయ్యి పట్టుకుని మళ్లీ పడుకుంది.

బయల్దేరే రోజు ఆమె గుప్పిట్లో తెల్లటి గవ్వ ఒకటి ఉంది. అక్కడి గవ్వలు, పగడపు ముక్కలు అనుమతి లేకుండా తెచ్చుకోకూడదు. అవి అక్కడి పీతలకి ఇళ్లని చెప్పాను. ఏడ్చింది, కానీ తనే వెళ్లి నీళ్ల అంచున పెట్టి వచ్చింది. మొన్న ఆదివారం పెదనాయనకి గోతాలు తిరిగిచ్చేందుకు మైపాడు వెళ్లాం. ఇసుకలో ఒక గవ్వ తీసి, లోపలికి ఒక కన్ను పెట్టి చూసి, "దీంట్లో ఎవరూ లేరు తాతా" అని పెదనాయనకి చూపించింది.